నోరులేని ప్రాణికి నడతే మాట

నోరులేని జీవులకు మాట రాదని మనం అంటాము. నిజానికి వాటికి రానిది మన మాట మాత్రమే. ఆకలి, నొప్పి, భయం, ఒంటరితనం వంటివి అవి తమ నడత ద్వారా చెప్పుకుంటూనే ఉంటాయి. మదీనాలో ఒక అన్సారీ సహాబీ తోటలోకి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) వెళ్ళినప్పుడు అక్కడి ఒంటె ఆయనను చూసి మూలిగి కన్నీరు కార్చిన ఉదంతం పాఠకులకు తెలిసినదే. ఆయన దాని చెవుల వెనుక ఆప్యాయంగా నిమరగా అది శాంతించింది. ఆపై యజమానిని పిలిపించి, అతడు దానిని పస్తులుంచి ఎడతెగని చాకిరీ చేయిస్తున్నాడని అది మొరపెట్టుకుంటున్నదని తెలియజేశారు. ఆ మూలుగు వెనుక ఒక కారణం ఉన్నది. ఆ కారణాన్ని తొలగించగల శక్తి దానిని పోషించే మనిషి చేతిలో ఉన్నది. ఇంట్లో ఒక చిన్న ప్రాణిని పెంచే ప్రతి కుటుంబానికీ ఈ రెండు సంగతులు చాలునని మా నమ్మకం.

మా కుటుంబం గుంటూరు నుండి వచ్చి అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ నగరానికి ఆనుకొని ఉన్న ఇర్వింగ్‌లో స్థిరపడింది. 2019 వేసవిలో మా పరిచయస్థుల కుటుంబం ఒకటి ఉద్యోగరీత్యా కాలిఫోర్నియాకు తరలిపోవలసి వచ్చింది. వారి ఇంట్లో షుగర్ గ్లైడర్లనే రెండు చిన్న జంతువులు ఉండేవి. కాలిఫోర్నియా చట్టం వాటిని ఇళ్ళలో పెంచుకోవడాన్ని అనుమతించదు. ఎవరికి అప్పగించాలా అని వారు సతమతమవుతున్నప్పుడు మేము ఆ అమానతును స్వీకరించాము. అప్పటికి ఆడదాని వయసు ఆరేళ్ళు, మగదాని వయసు రెండేళ్ళు. మా పిల్లలు వాటిని మిస్రీ, షక్కర్ అని పిలవసాగారు.

చూపులకు ఉడుతలాగా ఉన్నా షుగర్ గ్లైడర్ ఉడుత జాతికి చెందినది కాదు. కంగారూవలె కడుపు సంచిలో పిల్లను మోసే జంతువు ఇది. ఆస్ట్రేలియా, న్యూగినీ, ఇండోనేషియా ప్రాంతాల అడవులు దీని స్వస్థలం. పెద్దదైనా బరువు నూరు, నూటయాభై గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. ముందుకాళ్ళ నుండి వెనుకకాళ్ళ దాకా సాగే పలుచని చర్మపు పొరను గాలిపటంలా విప్పుకొని ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు, ఒక్కొక్కసారి యాభై మీటర్ల దూరం కూడా, తేలిపోగలదు. పదహారు రోజుల గర్భంతో బియ్యపు గింజంత పిల్ల పుట్టి, తల్లి సంచిలో రెండు నెలలకు పైగా పెరుగుతుంది. చెట్ల జిగురు, తీయని చెట్టుపాలు, పూలలోని మకరందం, పుప్పొడి, పురుగులు దీని ఆహారం. పగలంతా చెట్టు తొర్రలో గుంపుగా ఒకదానినొకటి హత్తుకొని నిద్రించి, చీకటి పడ్డాక మేల్కొంటుంది. మంచి పోషణలో పది, పన్నెండేళ్ళు బ్రతుకుతుంది. అంటే దీనిని ఇంటికి తెచ్చిన రోజున పదేళ్ళ పిల్లవాడు, ఇది కన్నుమూసే నాటికి కళాశాలలో ఉంటాడు.

మామూలును ఎరుగనిదే మార్పును ఎరుగలేము

తొలి నెలల్లో మేము చేసిన పని ఒక్కటే. ఒక నోటు పుస్తకం పెట్టి, ఆ రెండింటి మామూలు జీవితాన్ని రాసుకోవడం. ఎన్ని గంటలకు సంచి నుండి తల బయటపెడుతున్నవి, ఏది ముందు తింటున్నది, ఏమి మిగులుస్తున్నవి, రెట్ట ఎలా ఉన్నది అని పెద్దమ్మాయి రాసేది. ప్రతి శుక్రవారం వంటింటి చిన్న కాటాపై గిన్నె పెట్టి, అందులో వాటిని కూర్చోబెట్టి బరువు చూసేవాళ్ళము. నూరు గ్రాముల ప్రాణికి పది గ్రాములు తగ్గడమంటే ఒంట్లో పదోవంతు పోవడం. కంటికి తెలియని ఆ తరుగును కాటా చెబుతుంది.

వాటి గొంతులు కూడా నేర్చుకున్నాము. పగటి నిద్రలో కదిపితే పాత మిక్సీలో ఎండుకొబ్బరి తిరుగుతున్నట్లు కరకరమని అరుస్తాయి. అది భయం. నడిరాత్రి చిన్న కుక్కపిల్లలా తెరలు తెరలుగా మొరుగుతాయి. అది తోటివారిని పిలవడమో, ఏదో అలికిడి విని హెచ్చరించడమో అయి ఉంటుంది. అరచేతుల్లోకి ఉమ్మి వంటిది చిమ్ముకొని ముఖం తోముకొనేటప్పుడు తుమ్మినట్లు చప్పుడవుతుంది. జలుబు చేసిందని మా చిన్నవాడు కంగారు పడ్డాడు గాని, అది వాటి స్నానం. షక్కర్ నడినెత్తిన వెంట్రుకలు లేని చిన్న మచ్చను చూసి చుట్టాలు చర్మరోగమనుకొనేవారు. ఈడొచ్చిన మగవాటికి అక్కడ ఉండే వాసన గ్రంథి అది. దానితోనే అవి తమ ఇంటికీ తమవారికీ గుర్తు పెట్టుకుంటాయి.

ఈ వాసన సంగతి అర్థమయ్యాక చాలా ముడులు విడిపోయాయి. జుమా నమాజుకు వెళ్ళి వచ్చిన చేతుల్లోకి షక్కర్ దూకేది కాదు. కరకరలాడి వెనక్కి జరిగేది. కారణం మణికట్టుకు పూసుకున్న అత్తరు. వారమంతా ఎరిగిన చెయ్యే ఆనాడు దానికి పరాయి చెయ్యి. పంజరంలోని గుడ్డ సంచులన్నీ ఒకేసారి ఉతికి ఆరేసిన రోజున రెండూ నిలకడ లేక తిరుగుతూ అంతటా మళ్ళీ గుర్తులు పెట్టేవి. ఒక సంచి ఉతికినప్పుడు ఇంకొకటి అలాగే ఉంచితే ఆ ఆందోళన ఉండేది కాదు.

రమజాన్‌లో మరొక మార్పు కనిపించింది. మామూలుగా ఫజ్ర్ వేళ దాకా గంతులు వేసే ఈ ప్రాణులు ఆ నెలలో నాలుగున్నరకే సంచిలోకి దూరి, తిండి సగం మిగిల్చేవి. సహరీ కోసం హాలులో దీపాలు వెలిగించడంతో వాటికి రాత్రి ముందే ముగిసిపోయేది. పంజరాన్ని లోపలి గదిలోకి మార్చగానే మూడు రోజుల్లో పాత అలవాటుకు వచ్చాయి. జంతువు నడత మారినప్పుడు మొదట దానిలో రోగం వెదకుతాము. ఇంట్లో ఏమి మారిందన్నది కూడా అడుగవలసిన ప్రశ్నే.

దేహం చెప్పే మాటలు

అయితే ప్రతి మార్పూ దీపం ఆర్పితే తీరేది కాదు. మా ఇంటికి వచ్చిన రెండో నెలలోనే మిస్రీ పంజరం పైకి ఎక్కడం మానేసింది. పై అంతస్తున ఉన్న సంచిని విడిచి అడుగునే ముడుచుకొని పడుకునేది. వయసు మీద పడిందని అనుకోవడం తేలిక. కాని దూకబోయే ముందు దాని వెనుకకాళ్ళు వణకడం పుస్తకంలో వరుసగా నాలుగు రోజులు నమోదయింది. ఇటువంటి జంతువులకు వైద్యం చేసే వైద్యురాలి వద్దకు తీసుకువెళ్ళాము. ఎక్స్‌రేలో ఎముకలు పలుచబడినట్లు తేలింది. పండ్లు ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉండే తిండి మీద ఏళ్ళ తరబడి పెరిగిన గ్లైడర్లలో ఇది తరచుగా కనిపించే వ్యాధి అని ఆమె వివరించారు. ఒంటికి చాలినంత కాల్షియం అందకపోతే, దేహం తన ఎముకల నుండే దానిని కరిగించి తీసుకుంటుంది. మొదట వెనుకకాళ్ళు పట్టు తప్పుతాయి. అశ్రద్ధ చేస్తే పూర్తిగా చచ్చుబడతాయి.

ఆహారంలో కాల్షియం, ఫాస్ఫరస్ కన్నా దాదాపు రెండింతలు ఉండేలా చూసుకొమ్మన్నారు. ఎత్తు తక్కువ ఉన్న పంజరంలో విశ్రాంతి, కాల్షియం మందు, కొలత ప్రకారం తయారు చేసిన తిండి, ఇవే చికిత్స. నాలుగు నెలలకు మిస్రీ తిరిగి పైసంచిలోకి ఎక్కింది. ఆ రాత్రి పుస్తకంలో మా అమ్మాయి పెద్ద అక్షరాలతో ఒకే వాక్యం రాసింది: “మిస్రీ మేడ మీదకు వెళ్ళింది.”

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను కమ్ముకున్న మంచు తుఫాను మరొక పాఠం నేర్పింది. రాష్ట్రంలో 45 లక్షలకు పైగా ఇళ్ళకు కరెంటు పోయింది. 16వ తేదీ తెల్లవారుజామున డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది. మా ఇంట్లో దుప్పట్ల కింద మేమే వణుకుతున్నాము. ఆ వేకువన సంచిలో చెయ్యి పెడితే షక్కర్ చల్లగా, బిగుసుకొని ఉన్నది. ఊపిరి ఆడుతున్నదో లేదో తెలియనంత మెల్లగా ఉన్నది. చిన్నవాడు ఏడుపు అందుకున్నాడు.

అది మరణం కాదు. చలికీ తిండి కొరతకూ తట్టుకోవడానికి ఈ జంతువులు కొన్ని గంటల పాటు తమ దేహపు వేడిని, గుండె వేగాన్ని తగ్గించుకొని జడత్వంలోకి వెళ్ళిపోతాయి. అడవిలో అది వాటికి రక్షణ. కాని ఆ చలిలో, ఆ స్థితి నుండి అది తనంతట తానుగా తేరుకొంటుందన్న భరోసా లేదు. ఫోనులో వైద్యురాలు చెప్పినట్లు రెండింటినీ మెత్తని గుడ్డలో చుట్టి, స్వెట్టర్ లోపల ఒంటికి ఆనించి కూర్చున్నాము. వేడినీళ్ళ సీసా నేరుగా తగిలించవద్దని, ఒళ్ళు వెచ్చబడి మెలకువ వచ్చేదాకా నోట్లో చుక్కైనా పోయవద్దని ఆమె గట్టిగా హెచ్చరించారు. చల్లబడిన ప్రాణి మింగలేదు, పోసినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గంటన్నర తర్వాత ఒక చిన్న వణుకు మొదలయింది. ఆ వణుకు దాని దేహం మళ్ళీ వేడి పుట్టించుకుంటున్నదనడానికి గుర్తు. “అల్హమ్దులిల్లాహ్” అన్న మాట ఆ గదిలో అందరి నోటి నుండీ ఒకేసారి వెలువడింది.

తోడు పోయాక

మిస్రీ 2023 వేసవి చివర, పదేళ్ళ వయసులో, నిద్రలోనే వెళ్ళిపోయింది. అప్పటికి కొన్ని వారాలుగా తిండి తగ్గించి, ఎక్కువగా నిద్రపోతుండేది. ఆయుష్షు తీరిన ప్రాణి అది. పెరటిలో పాతిపెట్టాము.

షక్కర్ మూడు రాత్రులు మొరిగింది. ఇదివరకటిలా ఒకటి రెండు తెరలు కాదు, గంటల కొద్దీ. మొరిగి, ఆగి, చెవులు రిక్కించి, మళ్ళీ మొరిగేది. నాలుగో రాత్రి నుండి నిశ్శబ్దం. సర్దుకుందని మా పిల్లలు సంతోషించారు. ఆ సంతోషాన్ని ఒప్పుకోనివారు ఒక్కరే, పిల్లల దాదీ.

ఆమె అంతకు ముందు ఏడాది భర్తను కోల్పోయి, గుంటూరు నుండి మా వద్దకు వచ్చి ఉన్నారు. రాత్రులు నిద్ర పట్టక తహజ్జుద్‌కు లేచి, నమాజు ముగించుకొని, తస్బీహ్ చేత పట్టుకొని పంజరం ఉన్న గదిలో కూర్చునేవారు. ఒక వేకువన ఆమె మమ్మల్ని లేపి అన్నారు: “అరవడం మానిందని మురిసిపోకండిరా. అది పిలవడం మానింది. తోక మొదట్లో అదే పనిగా నాకుతోంది, చూడండి.”

దీపం దగ్గరగా పట్టి చూస్తే తోక మొదట్లో వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రబడి ఉన్నది. రెండు రోజుల్లో అక్కడ పుండు పడింది. శుక్రవారపు కాటా పదకొండు గ్రాములు తగ్గినట్లు చూపింది.

గుంపుగా బ్రతికే షుగర్ గ్లైడర్‌ను ఒంటరిని చేస్తే తన ఒంటినే కొరుక్కునే స్థితికి చేరవచ్చు. తోకను, కాళ్ళను, మగవైతే మర్మాంగాన్ని కూడా గాయపరచుకుంటాయి. అయితే వైద్యురాలు వెంటనే దిగులు అని తేల్చివేయలేదు. ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉన్నా, మూత్రనాళంలో వ్యాధి ఉన్నా, పరాన్నజీవులు ఉన్నా ఇదే లక్షణం కనబడుతుందని, వాటిని తోసిపుచ్చకుండా మనసును నిందించరాదని చెప్పి పరీక్షలు చేశారు. అవేవీ కనబడలేదు. పుండుకు మందు, నొప్పి తగ్గే మందు ఇచ్చి, నోరు తోకను అందుకోకుండా మెడకు చిన్న పట్టా అమర్చారు. “పుండు మానుతుంది. కాని పట్టా తీసిన రోజున అది మళ్ళీ మొదలుపెట్టవచ్చు. దానికి తన జాతి తోడు కావాలి” అన్నారు.

ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన చర్చ తేలికైనది కాదు. షక్కర్‌కు ఆరేళ్ళు. ఇంకో నాలుగైదేళ్ళు బ్రతకవచ్చు. తోడుగా పిల్లను తెస్తే షక్కర్ తర్వాత అది ఒంటరిదవుతుంది. దానికి మళ్ళీ తోడు. ఈ గొలుసుకు చివర ఎక్కడ? పెద్దమ్మాయి రెండేళ్ళలో చదువుకై వేరే ఊరు వెళ్ళనున్నది. గ్లైడర్ల గుంపు ఉన్న మరొక ఇంటికి షక్కర్‌ను ఇచ్చివేయడం ఒక దారి. అది న్యాయమైన దారే. కాని పెట్టను, మనుషులను, వాసనను అన్నింటినీ ఒకేసారి కోల్పోతే ఈ బలహీన స్థితిలో అది తట్టుకుంటుందా అన్నది ప్రశ్న.

దాదీ అంతా విని, మెల్లగా అన్నారు: “దానికి మీరందరూ ఉన్నారు. వేళకు తిండి పెడుతున్నారు, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటున్నారు. అయినా తన మాట తెలిసినవారు లేకపోతే ఇల్లు ఎంత నిండుగా ఉన్నా ఖాళీయే నాయనా.”

ఆమె ఆ మాట షక్కర్ గురించే అన్నారు. కాని గదిలో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. మరునాటి నుండి మా పెద్దమ్మాయి ఇషా తర్వాత తన పుస్తకాలు తీసుకొని దాదీ గదిలోనే చదువుకోసాగింది. ఆమె ఈడువారైన ఇద్దరు తెలుగు పెద్దమ్మలు మసీదు పరిచయంతో శనివారం మధ్యాహ్నాలు మా ఇంటికి రావడం మొదలయింది.

చివరికి మేము మధ్యేమార్గం ఎంచుకున్నాము. యజమానులు వదులుకున్న జంతువులను చేరదీసే ఒక ఆశ్రయం నుండి, షక్కర్ లాగే ఒంటరిదై ఉన్న ఐదేళ్ళ ఆడదానిని తెచ్చాము. రెండూ ఇంచుమించు ఒక ఈడువి. ఒకటి పోయాక రెండవది మిగిలే కాలం తక్కువగా ఉంటుందన్నది మా ఆలోచన. పిల్లలు దానికి బతాషా అని పేరు పెట్టారు.

తెచ్చిన రోజునే కలిపివేయలేదు. కొత్తదానిని మొదట వేరే గదిలో ఉంచి వైద్యురాలికి చూపించాము. తర్వాత రెండు పంజరాలనూ, ఒకదాని చెయ్యి మరొకదానికి అందనంత ఎడంతో, ఎదురెదురుగా పెట్టాము. మూడు రోజులకొకసారి వాటి గుడ్డలను తారుమారు చేసేవాళ్ళము. మొదటిసారి బతాషా పడుకున్న గుడ్డను లోపల వేయగానే షక్కర్ దానిని చుట్టూ తిరిగి వాసన చూసి, తలను రుద్ది, ఆ రాత్రి దాని మీదే పడుకున్నది. మూడో వారంలో రెండింటికీ కొత్తదైన స్నానాల గదిలో, మా కళ్ళ ఎదుట పావుగంట వదిలాము. కరకరలు, ఒక తోపులాట, ఆపై ఎవరి మూల వారిది. ఐదో వారంలో ఒకే సంచిలో రెండు తోకలు కనిపించాయి. ఆ ఉదయం దాదీ ఇంటిల్లిపాదినీ లేపారు.

అన్నీ సర్దుకున్నాయని రాయడం నిజాయితీ కాదు. పట్టా తీశాక తోక నాకడం బాగా తగ్గింది. బరువు రెండు నెలల్లో పూర్వపు లెక్కకు వచ్చింది. కాని ఇంటినిండా అతిథులు వచ్చిన పండుగ రోజుల్లో, పిల్లల పరీక్షల వేళ ఇల్లు కలతగా ఉన్నప్పుడు, షక్కర్ మళ్ళీ తోక వైపు తల తిప్పుతుంది. ఆ రోజుల్లో పంజరం గదిలోకి ఎవరినీ పోనివ్వము.

పాఠకులకు నాలుగు మాటలు

ఫోన్లలో ఈ ప్రాణి గాలిలో తేలి చేతిలో వాలే దృశ్యాలు చూసి ముచ్చటపడే కుటుంబాలు మన ఊళ్ళలోనూ, గల్ఫ్ దేశాలలోనూ ఉన్నాయి. వారికి మా విన్నపం ఇది. ముందు ఈ జంతువుకు వైద్యం తెలిసిన వైద్యుడు మీకు అందుబాటులో ఉన్నాడా అని చూడండి, ఆపై మీరున్న చోట చట్టం ఏమంటున్నదో కనుక్కోండి. ఒక్కదానిని తెచ్చే ఆలోచన మానుకోండి. మీ ఇంట్లో రాత్రి మేలుకొని ఉండేవారు ఎవరని అడగండి.

ఇప్పటికే పెంచుతున్నవారు కొన్ని లక్షణాలు కనిపిస్తే తెల్లవారేదాకా చూద్దామని ఆగవద్దు. ఒక రాత్రంతా తిండి ముట్టకపోవడం, ఒళ్ళు చల్లబడటం, వెనుకకాళ్ళు ఈడ్వడం, విరేచనాలు, మూర్ఛ, తన ఒంటిని తాను కొరుక్కోవడం అటువంటివి. ఇంత చిన్న దేహంలో నీరు, శక్తి నిల్వలు కొన్ని గంటలకు మించి ఉండవు. మిగిలిన మార్పులకు మూడు ప్రశ్నలు వరుసగా వేసుకోండి. ఒంట్లో నొప్పి ఉన్నదా? తిండిలో లోపమున్నదా? ఇంట్లోనో, తోడులోనో ఏదైనా మారిందా? కారణం చాలాసార్లు ఈ మూడింటిలోనే దొరుకుతుంది. కసరడం, కొట్టడం, సంచిలో నుండి బలవంతంగా లాగడం వలన భయం పెరుగుతుందే తప్ప నడత మారదు.

వాటి ఆకలికీ, ఆరోగ్యానికీ, ఒంటరితనానికీ రేపు మనలను అడిగే ప్రభువు ఉన్నాడు. కోరి తెచ్చుకున్న ప్రాణి విషయంలో తీరిక లేదన్న సాకు అక్కడ నిలువదని మేము భయపడతాము. మా నోటు పుస్తకం ఇప్పుడు మూడవది నడుస్తున్నది. పెద్దమ్మాయి చదువుకు వెళ్ళాక అందులో రాసే పని చిన్నవాడు తీసుకున్నాడు. శుక్రవారం కాటా వేసే పని మాత్రం దాదీదే. కళ్ళద్దాలు సవరించుకొని అంకె చదివి, చిన్నవాడు రాశాడో లేదో చూసి, అప్పుడే వాటిని సంచిలోకి వదులుతారు.